బీరువాలో బూజు పట్టే కెమెరా మనకొద్దు



వచ్చే సర్వసభ్య సమావేశం అజెండాలో ఏడో అంశం చదివారా? చదవనివాళ్ల కోసం చెబుతున్నాం. మన సంఘం ప్రకృతి యాత్రలకీ, ఏటా వేసే క్యాలెండరుకీ ఒక "ప్రొఫెషనల్" కెమెరా కొనాలట. ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ బాడీ, దానికి 200-600 జూమ్ లెన్సు. మూడున్నర లక్షలు. కల్యాణమండపం అద్దెల మీద రెండేళ్లుగా మిగిలిన డబ్బు ఇది.

మేం దీనికి ఒప్పుకోం. మేమంటే ఎవరో కాదు, చలికాలం వస్తే బరంపురం నుంచి చీకటితో లేచి చిలికాకి, వానాకాలంలో ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి, తాబేళ్ల రోజుల్లో రుషికుల్య మొగకి వెళ్లే పదిమందిమి. అంటే ఆ కెమెరా ఎవరి కోసం కొంటున్నామని కమిటీ చెబుతోందో ఆ పదిమందిమే వద్దంటున్నాం. కెమెరా వద్దని కాదు. ఆ కెమెరా వద్దు. చిన్నది, తేలికది కావాలి. ఎందుకో వివరంగా రాస్తున్నాం, ఓపిగ్గా చదవండి.

ముందు పాత సంగతి ఒకటి. కొన్నేళ్ల కిందట సంఘం ఒక పెద్ద కెమెరా కొన్నది గుర్తుందా? కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ పెట్టి, ఫొటోలు దిగి మరీ కొన్నాం. అది ఇప్పుడెక్కడుంది? ఆఫీసు బీరువాలో, పాత రసీదు పుస్తకాల కింద ఉంది. పోయిన నెల మేం తీయించి చూశాం. లెన్సు లోపల సాలెగూడు అల్లినట్టు బూజు. సముద్రానికి ఇంత దగ్గర ఊళ్లో, గాలి తగలని చీకటి బీరువాలో, తోలు సంచిలో చుట్టి పెడితే ఏ లెన్సుకైనా అదే గతి. తేమ, చీకటి, దుమ్ము ఉంటే చాలు, గాజు మీద బూజు మొలుస్తుంది. వాడుకలో ఉన్న లెన్సుకి గాలీ వెలుతురూ తగులుతాయి కాబట్టి ఆ బెడద తక్కువ.

మరి వాడకలో ఎందుకు లేదు? బరువు కాబట్టి. తీసుకెళ్లినవాళ్లు ఒక్కసారి తీసుకెళ్లి, రెండోసారి "వద్దులే అన్నా, ఫోను చాలు" అన్నారు. బాధ్యత కూడా భయమే. "పడేస్తే ఎవరు కడతారు?" అని ఇంట్లోవాళ్లు అడిగారు. మోసేవాడికే తెలుస్తుంది కావడి బరువు. కొనేవాళ్లకి తెలియదు. ఇప్పుడు అదే తప్పు ఇంకా పెద్ద డబ్బుతో చేయబోతున్నాం.

లెక్క చూద్దాం. సోనీ 200-600 లెన్సు ఒక్కటే 2,115 గ్రాములు. దానికి ఆల్ఫా 7 ఫోర్ బాడీ తగిలిస్తే బ్యాటరీతో కలిపి మరో 658. మొత్తం రెండుముప్పావు కిలోలు. కాగితం మీద ఈ అంకె ఎవరినీ భయపెట్టదు. ఒక పని చేయండి. ఒక సంచిలో లీటరు నీళ్ల సీసాలు మూడు వేసి, ఒకటి కాస్త ఖాళీ చేసి, ఆ సంచిని కంటి ఎత్తులో రెండు నిమిషాలు కదలకుండా పట్టుకోండి. పిట్ట ఎగిరేదాకా ఎదురుచూడటమంటే అదే.

స్టాండు పెట్టుకోవచ్చు కదా అంటారు. మంగళజోడి చూడనివాళ్లే ఆ మాట అంటారు. అక్కడ మోటారు పడవ లేదు. తుంగ మధ్య సన్నటి నీటిదారిలో, వెదురు గెడతో తోసే బల్లకట్టు లాంటి పడవ. నలుగురు కూర్చుంటే ఐదోవాడికి చోటు లేదు. స్టాండు కాళ్లు ఎక్కడ చాపుతారు? చాపినా, ఒకరు కదిలితే పడవ కదులుతుంది, పడవ కదిలితే స్టాండూ కదులుతుంది. అక్కడ కెమెరా చేత్తో పట్టుకోవాల్సిందే.

పోయిన జనవరిలో జరిగింది చెబుతాం. మాతో ఒక రిటైరైన టీచరమ్మగారు వచ్చారు. డెబ్బై దాటాయి. సభ్యుల్లో ఒకరు తన సొంత పెద్ద లెన్సు తెచ్చారు. మర్యాదగా "మీరూ ఒక ఫొటో తీయండి అమ్మా" అని చేతికిచ్చారు. ఆవిడ ఎత్తారు, కళ్లకి ఆనించారు, పది లెక్కపెట్టేలోగా దించేశారు. చేతులు వణికాయి. "నాకు చూడ్డం చాలు నాయనా" అన్నారు. మిగతా దారంతా ఆవిడే మాకు పిట్టల పేర్లు చెప్పారు. అదిగో నీటికాకి, ఆ రెల్లు పక్కన నీలి బొల్లికోడి, ఆ కర్ర మీద లకుముకి. పెద్ద లెన్సు పట్టుకున్న మనిషికి అందులో ఒక్క పేరూ తెలియదు.

మా వాదన మొత్తం ఈ ఒక్క ముచ్చటలోనే ఉంది. కెమెరా బరువు పెరిగే కొద్దీ ఫొటో తీసేవాళ్లు తగ్గిపోతారు. ముసలివాళ్లు పోతారు, ఆడవాళ్లలో చాలామంది పోతారు, పిల్లలు పోతారు, నడుం నొప్పివాళ్లు పోతారు. చివరికి భుజబలం ఉన్న ఇద్దరు కుర్రాళ్లు మిగులుతారు. వాళ్ల మీద మాకు కోపం లేదు, బంగారంలాంటి పిల్లలు. కానీ సంఘం డబ్బు అందరిదీ. అందరి డబ్బుతో ఇద్దరికి కెమెరా కొనడమేమిటి?

ఇక అవతలివాళ్ల మాట. కమిటీలో ఈ ప్రతిపాదన తెచ్చినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. వాళ్ల కారణాలు మూడు. మూడింటికీ జవాబు చెప్పాలి.

మొదటిది: "చిన్న కెమెరాకి అంత దూరం అందదు." ఇది తప్పు. కెనాన్ ఆర్10 బాడీ, ఆర్‌ఎఫ్ 100-400 లెన్సు తీసుకోండి. బాడీ 429 గ్రాములు, లెన్సు 635. కలిపితే కిలో మీద అరవై చిల్లర గ్రాములు. ఆ బాడీలో సెన్సర్ చిన్నది కాబట్టి 400 దగ్గర పిట్ట ఫ్రేములో కనిపించే సైజు, ఫుల్‌ఫ్రేమ్ మీద 640 లెన్సుతో కనిపించేంత ఉంటుంది. అంటే మూడున్నర లక్షల సరంజామా కంటే ఒక పిసరు ఎక్కువే. బరువు మాత్రం సగం కంటే తక్కువ.

రెండోది: "వెలుతురు తక్కువైతే చిన్న సెన్సర్ పనికిరాదు." ఇది నిజం. దాచం. పైన చెప్పిన కెనాన్ జత, ఆ పెద్ద జతతో పోలిస్తే, ఒకే షట్టర్ వేగంలో ఇంచుమించు నాలుగోవంతు వెలుతురే పోగుచేస్తుంది. సెన్సర్ చిన్నదవడం ఒక కారణం, లెన్సు ఎఫ్/8 కావడం మరో కారణం. తెల్లవారుజామున పొగమంచులో తీస్తే గింజలు గింజలుగా వస్తుంది. కానీ చెప్పండి, మనం చిలికాలో ఎన్నింటికి ఉంటాం? బస్సు బయల్దేరేసరికే నాలుగున్నర, దారిలో టీ, ఎవరో ఒకరి కోసం ఎదురుచూపు. పడవ ఎక్కేసరికి ఎండ పడుతుంది. ఎండలో ఆ తేడా క్యాలెండరు మీద ఎవరికీ కనిపించదు. తెల్లవారకముందే వెళ్లి గంటలు కూర్చునే ఒకరిద్దరు ఉంటే, ఆ వారం లెన్సు అద్దెకు తెచ్చుకోవచ్చు. ఏడాదిలో రెండు ఉదయాల కోసం మూడున్నర లక్షలు పెట్టక్కర్లేదు.

మూడోది: "క్యాలెండరుకి క్వాలిటీ కావాలి." ఇదీ లెక్కతో తేలే సంగతే. 20 మెగాపిక్సెల్ ఫొటో అడ్డంగా 5,472 చుక్కలు, నిలువుగా 3,648. ప్రెస్సువాళ్లు అడిగే అంగుళానికి 300 చుక్కల చొప్పున వేస్తే పద్దెనిమిది అంగుళాలు బై పన్నెండు వస్తుంది. మన క్యాలెండరులో ఫొటో చోటు పన్నెండు అంగుళాల వెడల్పు దాటదు. మిగతా అంతా పంచాంగం, ప్రకటనలే.

ఇప్పుడు మా వైపు నుంచి కూడా ఒక హెచ్చరిక. చిన్న కెమెరా అనగానే దుకాణంలో "125 రెట్ల జూమ్ సార్" అని చూపిస్తారు. ఆ మాటకి పడిపోకండి. నికాన్ పీ1000 అనేదానికి 3000 వరకు అందే జూమ్ ఉంది. చంద్రుడి మచ్చలు కనిపిస్తాయి. కానీ అది 1,415 గ్రాములు, జేబు కెమెరా కాదు. ఆ చివర దాని కన్ను ఎఫ్/8. సెన్సర్ ఏమో చిటికెన వేలి గోరంత, ఇరవై ఎనిమిది చదరపు మిల్లీమీటర్లు. ఫుల్‌ఫ్రేమ్ ఎనిమిది వందల అరవై నాలుగు. పైగా చిలికా నీటి మీద పది గంటలకే వేడి ఆవిరి ఆడుతుంది. దూరపు పిట్ట నీళ్లలో నీడలా వణుకుతుంది. ఎంత జూమ్ చేస్తే అంత వణుకు కనిపిస్తుంది. గాలిని ఏ లెన్సూ శుభ్రం చేయలేదు.

అందుకే ఎంచుకోవడానికి మా కొలబద్ద ఇది. ఒకటి, మొత్తం బరువు కిలోకి అటూ ఇటూ ఉండాలి, మించితే వంద గ్రాములు. రెండు, కంటికి ఆనించే వ్యూఫైండర్ ఉండాలి. ఎండలో వెనక తెర కనిపించదు, పైగా కెమెరా నుదుటికి ఆనితే చేయి వణకదు. మూడు, 600 దాకా అందితే చాలు. నాలుగు, షట్టర్ చప్పుడు లేకుండా తీయగలగాలి. ఐదు, పదిహేనేళ్ల పిల్లాడూ డెబ్బై ఏళ్ల అమ్మగారూ ఐదు నిమిషాల్లో నేర్చుకోగలగాలి.

ఈ కొలబద్దకి నిలిచేవి మూడు రకాలు. లెన్సు మార్చే అవసరం లేని బ్రిడ్జ్ కెమెరా మొదటిది. కెనాన్ ఎస్‌ఎక్స్70 అయితే 610 గ్రాములు, 1365 దాకా అందుతుంది. సెన్సర్ గోరంతే కాబట్టి ఎండలో బాగుంటుంది, నీడలో తడబడుతుంది. కొత్తగా చేరేవాళ్లకి, పిల్లలకి ఇది చాలు. సోనీ ఆర్‌ఎక్స్10 ఫోర్ దొరికితే ఇంకా మేలు. 1,095 గ్రాములు, 600 దగ్గర కూడా ఎఫ్/4, సెన్సర్ మొదటిదానికి నాలుగింతలు. రెండో రకం మైక్రో ఫోర్ థర్డ్స్. ఒలింపస్ ఈ-ఎం10 మార్క్ ఫోర్ 383 గ్రాములు, 75-300 లెన్సు 423. మొత్తం 806 గ్రాములకే 600 అందుతుంది. చెట్టు మీద కూర్చున్న పిట్టకి హాయి, ఎగిరే పిట్టని వెంటాడటంలో మాత్రం వెనకబడుతుంది. మూడో రకం పైన చెప్పిన కెనాన్ ఆర్10 జత. పిట్ట కన్ను తానే వెతికి పట్టుకుంటుంది, ఎగిరేవాటికి ఇదే నయం. మా ఓటు దీనికి, తోడుగా ఒక బ్రిడ్జ్ కెమెరాకి. కొటేషన్లు తెప్పించి చూడండి, ఆ మూడున్నర లక్షల్లో ఇవి రెండూ వచ్చి డబ్బు మిగులుతుంది.

ఇంకో సంగతి ఉంది, మనసులో గుచ్చుకుంటున్నది. అదే జనవరి యాత్రలో, పడవ నడిపే అతను గెడ ఆపి, "ఇక్కడి నుంచే బాబూ, ఇంక దగ్గరికి వద్దు" అన్నాడు. ముందు నల్లతోక గాడ్‌విట్‌ల గుంపు బురదలో మేస్తోంది. మా పెద్ద లెన్సు మనిషి "ఇంకొంచెం, ఇంకొంచెం, ఫ్రేము నిండట్లేదు" అన్నారు. అతను మొహమాటపడ్డాడు, తోశాడు. గుంపంతా ఒక్కసారి లేచిపోయింది. ఆ ఊరి చరిత్ర మీకు తెలుసు. మంగళజోడిలో ఒకప్పుడు పిట్టల్ని వేటాడి అమ్మిన కుటుంబాలు ఉన్నాయి. 2000 సంవత్సరంలో వాళ్లే సంఘం కట్టి కాపలాదారులయ్యారు. వేటగాడు ఆగమన్నచోట చదువుకున్నవాళ్లం ఆగలేదు. వేల మైళ్లు ఎగిరొచ్చి మేత మేసే పిట్టని ఫొటో కోసం లేపాం.

తప్పు లెన్సుది కాదు, ఆశది. ఒప్పుకుంటాం. చిన్న కెమెరా పట్టుకున్నవాడికీ ఆ ఆశ ఉంటుంది, నిజానికి అందకపోతే ఇంకా ఎక్కువ ఉంటుంది. కాబట్టి ఏ కెమెరా కొన్నా రాతపూర్వకంగా నియమాలు ఉండాలి. పడవవాడు ఆగమన్నచోట ఆగాలి. గూళ్ల ఫొటోలు క్యాలెండరు పోటీకి తీసుకోకూడదు. తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు ఇళ్ల మధ్య చెట్ల మీద గూళ్లు కడతాయి, ఊరివాళ్లు వాటిని ఇంటి పిల్లల్లా చూసుకుంటారు. మనం వెళ్లి కింద నిలబడి చప్పట్లు కొట్టి లేపడం సిగ్గుచేటు. రుషికుల్య దగ్గర తాబేళ్లు గుడ్లు పెట్టే రాత్రుల్లో ఫ్లాష్ పూర్తిగా నిషేధం. ఇక్కడ చిన్న కెమెరాలతో ఒక ప్రమాదం ఉంది. కొన్ని ఆటో మోడ్‌లో పెడితే చీకట్లో ఫ్లాష్ తమంతట తామే కొట్టేస్తాయి. ఫోన్లూ అంతే. పిల్లల తాబేళ్లు వెలుగు చూసి సముద్రం వైపు కాక ఊరివైపు పాకుతాయి. కాబట్టి యాత్రకి ముందు ప్రతి కెమెరా ఒకరు చూసి, ఫ్లాష్, బీప్, ఫోకస్ దీపం మూడూ ఆపాకే చేతికివ్వాలి. రాత్రిపూట అసలు ఫొటో ఎందుకు? కళ్లతో చూసి రండి.

చివరిగా అసలు విషయం. మనం ఇక్కడ తరతరాలుగా ఉన్నాం. మన పిల్లలు బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుతారు. వాళ్లకి కింగ్‌ఫిషర్ తెలుసు, పెలికాన్ తెలుసు. భేట్నోయి పొలాల్లో జింకల్ని చూస్తే "కృష్ణసార" అని ఒడియాలో చక్కగా అంటారు, సంతోషమే. కానీ లకుముకి అంటే తెలియదు, గూడబాతు అంటే నవ్వుతారు. ఆ పేర్లు తెలిసినవాళ్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. డెబ్బై, ఎనభై ఏళ్లవాళ్లు. వాళ్లు యాత్రకి వస్తే ఆ పేర్లు వస్తాయి. వాళ్ల చేతిలో కెమెరా పెడితే ఇంకా ఉత్సాహంగా వస్తారు. తాతయ్య తీసిన ఫొటో కింద తాతయ్య చెప్పిన పేరు, దాని పక్కన ఒడియా పేరు రాసి క్యాలెండరు వేద్దాం. అది సంఘం చేయాల్సిన పని. పేరు తెలియని పిట్టని గొప్ప లెన్సుతో తీసి, కింద "బర్డ్" అని వేసుకునే క్యాలెండరు ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది.

కాబట్టి మేం సమావేశంలో పెట్టబోయే సవరణ ఇది. ఏడో అంశంలో "ప్రొఫెషనల్ కెమెరా" అన్నచోట "కిలో వంద గ్రాములకు మించని కెమెరాలు రెండు" అని మార్చాలి. వాటితోపాటు గాలి చొరబడని మూత డబ్బా ఒకటి, సిలికా జెల్, చిన్న తేమ మీటరు కొనాలి. తేమ నలభై, యాభై శాతం మధ్య ఉంచితే బూజు బాధ ఉండదు. కెమెరాలు బీరువాలో కాదు, నెలకొక సభ్యుడి ఇంట్లో వంతులవారీగా ఉండాలి. పుస్తకంలో సంతకం పెట్టి తీసుకెళ్లాలి. వాడకంలో పాడైతే మరమ్మతు సంఘానిదే అని తీర్మానంలో రాయాలి. ఆ భయం పోతేగానీ ఎవరూ చేయి వేయరు.

సమావేశానికి వచ్చేటప్పుడు మేం ఒక సంచిలో మూడు నీళ్ల సీసాలు తెస్తాం. ఏడో అంశానికి చేయి ఎత్తాలనుకునేవాళ్లు ముందు ఆ సంచిని రెండు నిమిషాలు ఎత్తి చూపించండి. ఆ తర్వాత ఓటు ఎటు వేసినా మాకు అభ్యంతరం లేదు.

ఏకీభవించనివాళ్లు కిందే రాయండి, జవాబిస్తాం. ఏకీభవించేవాళ్లు లైకు కొట్టి ఊరుకోకండి, ఆ రోజు రండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లనీ వెంటబెట్టుకు రండి.

ఇట్లు,
పిట్టల యాత్రకి తప్పకుండా వెళ్లే మీ సాటి సభ్యులం